ధారావాహిక నాటకములలో వృద్ధనటుల నిష్క్రమణము

ఏండ్ల తరబడి ఇంటింట వినిపించుచు, కనిపించుచు సాగు ధారావాహిక నాటకములను మీరందరు నెరుగుదురు. అవి ఎట్లు మొదలైనవో, ఎంత ప్రజాదరణము పొందినవో చెప్పువారు అనేకులు కలరు. నేను నేడు ముచ్చటింప దలచినది వేరొక విషయము. అట్టి నాటకమున ఇరువది, ముప్పది, ఏబది యేండ్లు నటించిన మనిషి ముసలితనమున పడినప్పుడు, మంచము పట్టినప్పుడు, కన్నుమూసినప్పుడు ఆ కథ ఆ మనిషిని ఎట్లు సాగనంపినది? పైకి చూచుటకు ఇది నాటకశాలలోని జీతముల లెక్కవలె తోచును. కొంచెము విచారించినచో, పెద్దలయెడల మనము నడచుకొను తీరంతయు ఇందులో దాగియున్నదని తెలియగలదు. ఈ చరిత్రకు ముఖ్యమైన యాధారములు అమెరికా, ఇంగ్లండు దేశములనుండి లభించుచున్నవి. ఏలయన ఈ జాతి నాటకము పుట్టినది అమెరికాలో; ముదిమిని ముందుగా ఎదుర్కొన్నది ఆ రెండు దేశములలో.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. మన రంగస్థలమున పాత్రకు వయస్సు లేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషము ధరించి ఆంధ్రదేశమును మురిపించిరి. 1971లో వారు కీర్తిశేషులైరి. సత్యభామ మాత్రము గతింపలేదు. వేరొకరు జడ వేసికొని రంగమెక్కిరి. రాముడు నిత్యయౌవనుడు. హరిశ్చంద్రుడు ఎన్ని తరములు గడచినను అదే కాటిలో నిలిచియుండును. నటుడు పాత్రయందు కొంతకాలము కాపురముండి, పిదప ఖాళీచేసి పోవు అద్దెవానివంటివాడు.

ధారావాహిక నాటకమున ఈ ఏర్పాటు చెల్లదు. అక్కడ పాత్రయు, నటుడును ఒకే శరీరమును పంచుకొని కలిసి ముదిసిపోవుదురు. నటి తల నెరసినచో కథలోని తల్లి తల నెరసినట్లే. ఆమె నడక తడబడినచో ఆ తల్లి నడకయు తడబడినట్లే. పైగా ఆ పాత్రకు కవి ముందుగా వ్రాసిపెట్టిన ముగింపు లేదు. కథకే ముగింపు లేనప్పుడు పాత్రకు ముగింపు ఎక్కడినుండి వచ్చును? కావున నటుని కాలము తీరినప్పుడు రచయితలకు ఏమి చేయవలెనో తోచని స్థితి యేర్పడును. ఆ సంకటమునుండి వారు ఏ దారిని బయటపడిరో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

ఈ నాటకము రేడియోలోనే జన్మించినది. 1930లో చికాగో నగరమునందలి డబ్ల్యూ. జి. ఎన్. స్టేషనునుండి ‘పెయింటెడ్ డ్రీమ్స్’ అను కథ ప్రసారమయ్యెను. దానిని వ్రాసినది ఇర్నా ఫిలిప్స్ అను ఆమె; అంతకుముందు ఆమె బడిలో చదువు చెప్పుచుండెను. పగటివేళ ఇంటిపనులలో మునిగియుండు స్త్రీలు ఆలకించుటకు అనువుగా ఇట్టి కథలు పదునైదేసి నిమిషముల భాగములుగా నడచెను. ఆ స్త్రీలకే తమ సరకు అమ్ముకొనవలసిన సబ్బు కంపెనీలు, ముఖ్యముగా ప్రాక్టర్ అండ్ గాంబుల్ వారు, ఈ కథలకు పెట్టుబడి పెట్టిరి. అందువలన వీనికి పరిహాసముగా ‘సోప్ ఆపెరా’, అనగా సబ్బు సంగీతనాటకము అను పేరు వచ్చినది. పరిహాసముగా పెట్టిన పేరే పట్టుబడిపోయెను.

1933లో మొదలైన ‘మా పెర్కిన్స్’ అట్టి నాటకములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. కలప అడితి నడుపుకొనుచు, ఊరివారి కష్టసుఖములకు ఆలోచన చెప్పు ఒక వృద్ధ వితంతువు కథ అది. ఆ ముసలమ్మ కంఠము వర్జీనియా పేన్ అను నటిది. కథ మొదలైన నాటికి ఆ నటి వయస్సు ఇరువదిమూడేండ్లు! ఇరువదియేడు సంవత్సరములపాటు, ఏడువేలకు పైగా భాగములలో, ఆ పాత్రను ఆమెయే పోషించెను. 1960 నవంబరు 25వ తేదీన చివరి భాగము ముగిసిన పిదప ఆమె తన సొంత పేరు చెప్పుకొని, తోటినటులను పేర్కొని, శ్రోతలకు కృతజ్ఞత తెలిపి సెలవు తీసికొనెను. ఆనాటికి కూడ ఆమె తాను నటించిన ముసలమ్మకంటె చిన్నదియే. రేడియోలో వయస్సు కంఠమునందు మాత్రమే ఉండును. ముఖము ఎవరికి కావలెను? కాబట్టి వృద్ధనటుల సమస్య ఆ కాలమున అంతగా తలయెత్తలేదు.

టెలివిజను వచ్చిన పిదప పరిస్థితి మారిపోయెను. 1937లో రేడియోలో మొదలైన ‘గైడింగ్ లైట్’ 1952లో టెలివిజనుకు తరలి, 2009 వరకు సాగెను. 1956 ఏప్రిలు 2వ తేదీన ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’ ప్రారంభమయ్యెను. మొదటి భాగమున మొదటి మాట పలికినది నాన్సీ హ్యూస్ అను ఇల్లాలి వేషము ధరించిన హెలెన్ వాగ్నర్. 1963 నవంబరు 22వ తేదీన ఆమె నటించుచుండగనే, అధ్యక్షుడు కెనెడీపై కాల్పులు జరిగిన వార్త ఆ నాటకమునకు అడ్డు వచ్చి దేశమునకు వినిపించినది. ఒక తరమువారి ఇండ్లలో ఆమె ముఖము గోడగడియారమువలె నిలిచిపోయెను. కొన్ని విరామములు తప్ప, 2010 మే 1వ తేదీన తొంబదియొకటవ యేట మరణించువరకు ఆ పాత్రను ఆమె విడువలేదు. ఇట్టి ముఖము ఒకనాడు కనిపింపకపోయినచో ప్రేక్షకునికి ఏమని చెప్పవలెను?

నేను గమనించినంతవరకు రచయితలు అవలంబించిన మార్గములు నాలుగు. ఒకటి, పాత్రకు వేరొక నటుని తెచ్చుట. రెండు, పాత్రను పొరుగూరికి పంపుట. మూడు, పాత్రను కథలో చంపుట. నాలుగు, నటుని వార్ధక్యమును, వ్యాధిని కథలోనికే తీసికొనివచ్చుట. ఈ నాలుగింటిలో ఏది యుచితమో చరిత్రయే తీర్పు చెప్పినది.

మొదటి మార్గమునకు ‘డల్లాస్’ మంచి నిదర్శనము. ఇది పగటి నాటకము గాదు. వారమునకొకసారి రాత్రివేళ ప్రసారమైన చమురు వ్యాపారుల కుటుంబకథ. అందులో ఇంటిపెద్ద జాక్ యూయింగు వేషము ధరించిన జిమ్ డేవిస్ 1981లో మరణించెను. నిర్మాతలు ఆ పాత్రకు వేరొకని తేలేదు. ఆయన పరదేశమున హెలికాప్టరు ప్రమాదములో మరణించినట్లు కథ కల్పించి, ఆయన చిత్రపటమును ఇంట వ్రేలాడగట్టిరి. ఆ పటము కథలో చిరకాలము పెద్దరికము నెరపినది. కాని ఆయన భార్య ఎల్లీ వేషము ధరించిన బార్బరా బెల్ గెడ్డిస్ హృద్రోగముతో చికిత్స పొంది 1984లో తప్పుకొన్నప్పుడు, ఆ స్థానమున డోనా రీడ్ అను ప్రసిద్ధ చలనచిత్రనటిని నిలిపిరి. ఆమె నటనలో లోపము లేకపోవచ్చును. కాని తల్లి ముఖము రాత్రికి రాత్రి మారినచో ఏ బిడ్డ ఒప్పుకొనును? మరుసటి యేడు బెల్ గెడ్డిస్ ఆరోగ్యము చేకూరి తిరిగివచ్చెను. డోనా రీడ్‌ను ఉద్వాసన చేయగా, ఆమె న్యాయస్థానమున కెక్కి పరిహారము పొందెను. చనిపోయినవాని పటమునకు దక్కిన మర్యాద బ్రదికియున్న స్త్రీకి దక్కలేదు.

రెండవ మార్గము చూచుటకు మృదువుగా నుండును. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున గ్రెనడా కంపెనీవారు 1960 డిసెంబరు 9వ తేదీన ‘కారొనేషన్ స్ట్రీట్’ అను నాటకమును ప్రారంభించిరి. ఇటుకల ఇండ్ల వరుస, మూలనొక సారాయి అంగడి, నోటి దురుసుగల ముసలమ్మలు. ఇదియే దాని లోకము. ఆ ముసలమ్మలలో అగ్రగణ్య ఎనా షార్పిల్స్. తలకు జాలి కట్టుకొని వీధివారినందరిని అదలించు ఆ పాత్రను వయొలెట్ కార్సన్ ధరించెను. ఆమె ఎనుబదేండ్లు దాటి రోగపీడితయైన పిదప, 1980లో ఎనాను సముద్రతీరమునందలి యొక ఊరికి పంపిరి. ఆమె తిరిగి రాలేదు. 1983 డిసెంబరులో కార్సన్ మరణించెను. పొరుగూరికి పంపుటలో ఒక సౌకర్యము కలదు. తలుపు మూయకుండ దగ్గరగా వేసినట్లుండును. ఒక లోపమును కలదు. వీడ్కోలు చెప్పవలసిన మాట ఎవరి నోటను రాదు.

ఆ వీధిలోని సారాయి అంగడి యజమానురాలు ఆనీ వాకర్. ఆ పాత్రను ధరించిన డోరిస్ స్పీడ్ కథ మరింత విచారకరమైనది. ఆమె తన వయస్సును పదునైదేండ్లవరకు తగ్గించి చెప్పుకొనుచు వచ్చెను. 1983లో ఒక వార్తాపత్రిక ఆమె జననపత్రమును సంపాదించి ప్రకటించెను. ఆమెకు ఎనుబదినాలుగేండ్లని లోకమునకు తెలిసినది. ఆ యేడే ఆమె ఆరోగ్యము చెడి నాటకమునుండి తప్పుకొనెను. ఆనీ వాకర్ తన కుమార్తె యింటికి వెళ్ళిపోయినట్లు కథలో చెప్పిరి. ఇందులో ఆలోచింపదగిన విషయమొకటి యున్నది. ముసలి పాత్రను ముసలి నటి ధరించుటలో తప్పేమి? అయినను ఆమె దాచుకొనెను. వయస్సు తెలిసినచో పని పోవునను భయము నటులను వెన్నాడు పాతభయము. ఆమెను ఆ పత్రిక బట్టబయలు చేసినదేమో కాని, భయపెట్టినది మాత్రము ఆమె వృత్తియే. ఆమె 1994 వరకు జీవించెను.

1983, 1984 సంవత్సరములు ఆ నాటకమునకు గండకాలము. ఆనీ వాకర్ వెళ్ళిపోయెను. మొదటి భాగమునుండి యున్న ఎల్సీ టానర్ పాత్రధారిణి పాట్ ఫీనిక్స్ 1984 మొదట తప్పుకొనెను. మొదటి భాగముననే కనిపించిన ముసలి ఆల్బర్ట్ టాట్‌లాక్ పాత్రధారి జాక్ హౌవార్త్ ఆ సంవత్సరము మార్చిలో ఎనుబదియెనిమిదవ యేట మరణించెను. ఆగస్టులో బెర్నార్డ్ యూవెన్స్ పోయెను. అతడు స్టాన్ ఓగ్డెన్ అను సోమరి మగడు. భార్య హిల్డా పాత్రను జీన్ అలెగ్జాండర్ ధరించెను. ఇరువురిది ఇరువదేండ్ల జంట. యూవెన్స్ కొంతకాలముగా పక్షవాతముతో మాట తడబడుచు నటించుచుండినవాడే.

ఇచ్చట రచయితలు మూడవ మార్గము తొక్కిరి. కాని తొక్కిన తీరు వేరు. స్టాన్ మరణమును వారు చూపలేదు. అంత్యక్రియలు ముగిసి ఇల్లు చేరిన హిల్డా, భర్త వస్తువులు కట్టిన యొక పొట్లమును విప్పును. అందులో అతని కండ్లజోడు పెట్టె కనిపించును. దానిని పట్టుకొని ఆమె విలపించును. అంతియే దృశ్యము. ఉపన్యాసము లేదు, శోకగీతము లేదు. తోటినటుడు నిజముగనే మరణించియుండగా ఆ నటి కార్చిన కన్నీటిలో వేషము ఎంత, వాస్తవము ఎంత అని ఎవరు విడదీయగలరు? ఇంగ్లండులో టెలివిజను చరిత్ర వ్రాయువారు నేటికిని ఆ దృశ్యమును స్మరించుచుందురు. జీన్ అలెగ్జాండర్ 1987 క్రిస్మసు దినమున నాటకమునుండి సెలవు తీసికొన్నప్పుడు రెండున్నర కోట్లకు పైగా జనులు ఆ భాగమును చూచిరి. పెద్దలందరును పోయిరి గనుక వీధి పాడుపడుననుకొన్నవారు పొరబడిరి. వీడ్కోలు చెప్పుట నేర్చుకొన్న పిదపనే ఆ నాటకమునకు దీర్ఘాయువు లభించినది.

అమెరికాలో ఆర్థికకారణములు మరింత బలముగా పనిచేసెను. ప్రకటనదారులకు కావలసినది పదునెనిమిదికి నలుబదితొమ్మిదికి నడుమనున్న స్త్రీల చూపు. అట్టివారు ముసలివారి కథ చూడరని కంపెనీల నమ్మకము. నటుల కాంట్రాక్టులు పదుమూడేసి వారములకొకసారి తెంచుకొనుటకు వీలుగా నుండునవి. అందుచేత వృద్ధపాత్రను చంపకయే చంపు ఉపాయమొకటి వాడుకలోనికి వచ్చెను. మొదట కథాభాగమును తగ్గింతురు. తరువాత పండుగలకు, పెండ్లిండ్లకు మాత్రమే పిలుతురు. కడపట కాంట్రాక్టు తీసివేసి, పిలిచినప్పుడు వచ్చి రోజుకూలి తీసికొనుమందురు.

‘జనరల్ హాస్పిటల్’ అను నాటకమున ఆనా లీ అను వృద్ధనటికి ఇట్లే జరిగెను. ఆమె 1978 నుండి లైలా క్వార్టర్‌మెయిన్ అను ఇంటిపెద్ద పాత్ర ధరించుచుండెను. వెన్నునకు దెబ్బ తగిలి చక్రముల కుర్చీకి పరిమితమైనను ఆ కుర్చీలోనుండియే నటించెను. కథలోని లైలా కూడ కుర్చీలోనే ఉండెను. 2003లో ఆమె కాంట్రాక్టును తీసివేసిరి. ప్రేక్షకులును, తోటినటులును ఆక్షేపించిరి. 2004 మే నెలలో ఆమె తొంబదియొకటవ యేట మరణించెను. తరువాత కథలో లైలాకు ఘనముగా అంత్యక్రియలు చేసిరి. బ్రదికియున్నప్పుడు పెట్టని అన్నము పిండముగా పెట్టినట్లున్నదని మన పల్లెలలోని ముసలివారు విన్నచో అనక మానరు.

ఇక నాలుగవ మార్గము. ఇదియే నా మనస్సునకు ఉత్తమముగా తోచినది. ‘గైడింగ్ లైట్’ నాటకమున బెర్ట్ బావర్ అను గృహిణి పాత్రను చారిటా బావర్ 1950లో రేడియోలోనే స్వీకరించి, టెలివిజనులోనికి తనతో తెచ్చెను. 1962లో ఆగ్నెస్ నిక్సన్ అను రచయిత్రి బెర్ట్‌కు గర్భాశయమున క్యాన్సరు ప్రారంభదశలో బయటపడినట్లు కథ వ్రాసెను. స్త్రీలు వైద్యపరీక్ష చేయించుకొనవలెనని బోధించుటయే ఆమె ఉద్దేశము. కంపెనీవారు ఒప్పుకొనిరి గాని, ‘క్యాన్సరు’, ‘గర్భాశయము’ అను మాటలు ఉచ్చరింపరాదని నియమము పెట్టిరి. జబ్బు పేరు పలుకకుండగనే జబ్బు కథ నడచెను! ఇరువదేండ్ల పిదప నటికే వ్యాధి వచ్చినది. రక్తప్రసరణము చెడి ఆమె కాలు తీసివేయవలసివచ్చెను. ఈసారి ఎవరును దాచలేదు. బెర్ట్‌కు కూడ కాలు తీసివేసినట్లు కథ వ్రాసిరి. ఆ నటి కృత్రిమమైన కాలితో నడచుట ఎట్లు నేర్చుకొన్నదో అదియే ప్రేక్షకుల యెదుట బెర్ట్ నేర్చుకొనెను. 1985 ఫిబ్రవరిలో చారిటా బావర్ మరణించెను. బెర్ట్ మరణము మరుసటి యేడు కథలోనికి వచ్చెను. రెండు కథలను సరిపోల్చి చూచినచో, ఇరువదేండ్లలో టెలివిజను ఎంత నిజము పలుకుటకు ధైర్యము తెచ్చుకొన్నదో తెలియగలదు.

‘ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్’ అను నాటకమున కాథరీన్ చాన్సలర్ పాత్రధారిణి జీన్ కూపర్ 1984లో తన ముఖమునందలి ముడుతలు తీయించుకొనుటకు శస్త్రచికిత్స చేయించుకొనెను. ఆ చికిత్సనే చిత్రించి కథలో చూపించిరి. డోరిస్ స్పీడ్ తన వయస్సును దాచుకొనలేక తలవంచుకొన్న మరుసటి యేడే, వేరొక నటి తన ముదిమిని జనులయెదుట పెట్టి తల యెత్తుకొనెను. 2013 మేలో మరణించువరకు కూపర్ ఆ నాటకమును విడువలేదు.

ఇంగ్లండులో ‘ఈస్ట్ ఎండర్స్’ అను నాటకము 1985లో మొదలైనది. అందు డాట్ అను దైవభక్తిగల చాకలిశాల ఉద్యోగిని పాత్రను జూన్ బ్రౌన్ ధరించెను. డాట్ భర్త జిమ్ పాత్రధారి జాన్ బార్డన్ 2007లో పక్షవాతమున పడెను. అతనిని కథనుండి తొలగింపలేదు. జిమ్‌కు పక్షవాతము వచ్చినట్లు వ్రాసిరి. 2008 జనవరి 31వ తేదీన ప్రసారమైన భాగమంతయు డాట్ ఒక్కతెయే. ఆస్పత్రిలోనున్న భర్తకు వినిపించుటకై ఆమె ఒక టేపు యంత్రము ముందు కూర్చుండి అర్ధగంటసేపు మాటలాడును. ఒక వృద్ధనటి ముఖమును, కంఠమును తప్ప వేరేమియు లేని ఆ భాగము దేశమున గొప్ప పేరు పొందినది. ముసలివారి కథ ఎవరును చూడరను లెక్కకు ఇంతకంటె మంచి సమాధానము లేదు. జూన్ బ్రౌన్ 2020లో తప్పుకొని, 2022 ఏప్రిలులో తొంబదియైదవ యేట మరణించెను. డిసెంబరులో డాట్ అంత్యక్రియలు ప్రసారమయ్యెను.

రేడియోలో పుట్టిన ఈ చరిత్ర మరల రేడియోకే వచ్చుచున్నది. బి.బి.సి. వారి ‘ది ఆర్చర్స్’ సబ్బు అమ్ముటకు పుట్టినది గాదు. యుద్ధానంతరమున రైతులకు వ్యవసాయవిషయములు బోధించుటకు పుట్టినది. 1950లో పరీక్షగా కొన్ని భాగములు వినిపించి, 1951 జనవరి 1వ తేదీనుండి దేశమంతటికి ప్రసారము చేసిరి. ఆ పరీక్షాభాగములనుండియే ఫిల్ ఆర్చర్ పాత్రను నార్మన్ పెయింటింగ్ పోషించెను. మారుపేరుతో వేయికి పైగా భాగములను అతడే వ్రాసెను కూడ. 2009 అక్టోబరులో అతడు మరణించెను. కడపటి భాగమును కొలది దినముల ముందే రికార్డు చేసియుండెను. 2010 ఫిబ్రవరిలో ఫిల్ తన కుర్చీలో కూర్చుండి సంగీతము వినుచునే ప్రాణము విడిచినట్లు కథ నడచెను. భార్య ఇల్లు చేరి పలుకరించును. సంగీతము మాత్రమే బదులు పలుకును. రేడియో యొక్క శక్తి యంతయు ఆ నిశ్శబ్దమున నున్నది.

ఆ నాటకముననే పెగ్గీ పాత్రధారిణి జూన్ స్పెన్సర్. పిల్లలను పెంచుటకై ఆమె నడుమ కొన్నియేండ్లు తొలగగా వేరొక నటి ఆ పాత్రను నడపెను. 1962లో ఆమె మరల వచ్చెను. కథలో పెగ్గీ భర్త జాక్ వూలీ మతిమరపు వ్యాధికి లోనై, భార్యనే గుర్తింపలేని స్థితికి వచ్చును. నిజజీవితమున తన భర్త అట్టి వ్యాధితోనే పోవుటను స్పెన్సర్ అంతకుముందే చూచియుండెను. తాను పడిన దుఃఖమును ఆమె పాత్రకిచ్చెను. అట్టి దుఃఖమే యున్న వేలమంది శ్రోతలకు అది ఓదార్పయ్యెను. 2022లో నూటమూడవ యేట ఆమె తన యిచ్ఛతో విశ్రాంతి తీసికొనెను. ఎవరును పొమ్మనలేదు; ఎవరును దాచలేదు. 2024 నవంబరులో నూటయైదేండ్ల వయస్సున ఆమె పరమపదించెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. నటుని వ్యాధిని, మరణమును కథలో వాడుకొనుట వ్యాపారము గాదా? దుఃఖమును అమ్ముకొనుట గాదా? ఆ ప్రమాదము లేకపోలేదు. ముందుగా చాటింపు వేసి, జనులను పోగుచేసి, కన్నీటికి వెల కట్టు భాగములు లేకపోలేదు. కాని నటుని యిష్టముతో జరిగినదానిని, నటుని మరుగున జరిగినదానిని ఒకే త్రాసున తూచరాదు. చారిటా బావర్ తాను నటించుచు తన కాలి కథ చెప్పెను. జూన్ స్పెన్సర్ తన మనస్సు విప్పి తన దుఃఖము చెప్పెను. ఇచ్చినవారు వారు. లాగికొన్నచో వ్యాపారము, ఇచ్చినచో కళ.

మరణానంతరపు మర్యాదలలో కూడ మంచివి కలవు. ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ నాటకమున ఇంటిపెద్ద టామ్ హార్టన్ పాత్రధారి మక్‌డోనల్డ్ కేరీ 1994లో మరణించెను. నాటకప్రారంభమున ప్రతిదినము వినిపించు మాటలు అతని కంఠముతో రికార్డు చేసినవే. ఆ కంఠమును తీసివేయలేదు; అతడు పోయిన తరువాత పుట్టినవారు కూడ ఆ కంఠము వినుచు పెరిగిరి. అతని భార్య ఆలిస్ పాత్రధారిణి ఫ్రాన్సిస్ రీడ్ 2010 ఫిబ్రవరిలో తొంబదియైదవ యేట మరణించెను. ఆలిస్ మరణము జూనులో ప్రసారమయ్యెను. భాగములను నెలల ముందుగా చిత్రించుట యందలి అలవాటువలన నటుని మరణమునకు, పాత్ర మరణమునకు ఇట్టి యెడము కలుగుట సాధారణము. ఆ యెడమున దూరముగా వెళ్ళిపోయిన పాతనటులు తిరిగివచ్చి, ఆ ముసలమ్మ ఇంట చేరిరి. నిజమైన ఇండ్లలో జరుగునదియు అంతే గదా!

ఈ తొంబదేండ్ల చరిత్రనుండి నేను గ్రహించినది చెప్పి విరమింతును. ముఖము మార్చి మోసగింపజూచినచోట జనులు మోసపోలేదు. పొరుగూరికి పంపినచోట మౌనముగా నొచ్చుకొనిరి. కాంట్రాక్టు తీసివేసినచోట కోపించిరి. నిజము చెప్పినచోట మాత్రము పాత్రతోపాటు తామును ఏడ్చి, ఊరట పొందిరి. రోజు పావుగంటయో, అర్ధగంటయో ఒక వృద్ధురాలి ముఖము చూచి ముప్పదియేండ్లు గడపినవారు ఆమెకు పరాయివారు గారు. వారు ఆ ముఖముతోపాటు తామును ముదిసినవారే. ఆమెను గౌరవముగా సాగనంపినచో, తమకును అట్టి గౌరవము దక్కునను ధైర్యము వారికి కలుగును. చాటుగా తొలగించినచో తమకును అదే గతి పట్టునని దిగులు కలుగును. కావున వృద్ధనటుని వీడ్కోలు ఒక నటునికి చెందిన సంగతి మాత్రమే గాదు. మన దేశమున ధారావాహిక నాటకములు దినదినాభివృద్ధి చెందుచున్న కాలమిది. నేడు వానిలో నాయనమ్మలుగా, తాతలుగా కనిపించువారికి ఏ మార్గము చూపవలెనో ఆ నాటకములు నడుపువారు ఇప్పుడే ఆలోచించుకొనుట మంచిది. వారి చేతిలోని కలము ఎవరిని ఎట్లు సాగనంపినను, చూచువారు ఇంటింట ఉన్నారు.